చెరువు పాట డబ్బులు బడికా, ఊరి ఆర్చ్‌కా?

గట్టుమీద_కొంగ
మాది కృష్ణా జిల్లాలో ఒక మోస్తరు ఊరు. ఈసారి పంచాయతీ చెరువు చేపల పాట (వేలం) బాగా పలికింది, ఆరు లక్షలు దాటింది. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఊరు రెండుగా చీలింది. ఒక వర్గం మెయిన్ రోడ్డు దగ్గర ఊరి పేరుతో ఆర్చ్ కట్టాలంటోంది. పక్క ఊరికి ఉందట, మనకి లేకపోతే పరువు తక్కువట. మేం కొంతమందిమి ఊరి ఎంపీపీ స్కూల్‌కి, అంటే మండల పరిషత్ ప్రాథమిక బడికి పెడదాం అన్నాం. ప్రహరీ ఒక పక్క పడిపోయి రెండేళ్లయింది, బాత్రూంలు ఉన్నాయి గానీ మోటారు కాలిపోయి నీళ్లు లేవు, మూడు గదుల్లో ఒకటి వానొస్తే కురుస్తుందని తాళం వేసేశారు. అప్పుడొచ్చిన ప్రశ్న ఇది: "బడిలో ఉన్నది 38 మంది. ఊళ్లో 70 మంది వ్యాన్ ఎక్కి టౌన్‌కి పోతున్నారు. మన పిల్లలు చదవని బడికి మన డబ్బెందుకు?" అడిగింది మా సొంత బాబాయే. పేద పిల్లలు, పుణ్యం అన్న మాటలు అక్కడ పనిచెయ్యవు, అవి చెప్పి చూశాను. బడికి పెడితే ఊరికి ఏమొస్తుందో లెక్కగా చెప్పగలిగేవాళ్లుంటే చెప్పండి. గ్రామసభ వచ్చే నెల.

దారినపోయే_దానయ్య
ఆర్చే కట్టండి. దాని కిందనుంచి పసుపు వ్యాన్ వెళ్తుంటే చూడ్డానికి బావుంటుంది.

లెక్కల_సుబ్బు
లెక్క మీరే ఇచ్చేశారు కదా. 70 మంది వ్యాన్ ఎక్కుతున్నారు. ఫీజు, వ్యాన్, పుస్తకాలు, బూట్లు, టై, వార్షికోత్సవానికి డ్రెస్సు అన్నీ కలిపి పిల్లకి 30 వేలు వేసుకోండి, తక్కువే వేస్తున్నా. 21 లక్షలు. ప్రతి ఏడాదీ మీ ఊళ్లో పండిన డబ్బు అంత టౌన్‌కి పోతోంది. అది మీ ఊరి కిరాణా కొట్టుకి రాదు, మీ ఊరి టైలర్‌కి రాదు. ఆ 70లో ఇరవై మంది వెనక్కి వచ్చినా ఏడాదికి 6 లక్షలు ఇళ్లలో మిగులుతాయి, అంటే ఒక చెరువు పాట. మీ బాబాయి గారికి ఇది చెప్పండి.

పల్నాడు_పిడుగు
ఆ ఇరవై మంది ఎందుకొస్తారో అది కూడా చెప్పు సుబ్బూ. నేనూ మా అమ్మాయిని వ్యాన్ ఎక్కిస్తున్నవాణ్ణే, డబ్బు ఎక్కువై కాదు. మా ఊరి బడిలో ఐదు తరగతులకి ఇద్దరు టీచర్లు, ఒకరు మీటింగ్‌కి పోతే మిగిలింది ఒక్కరు. ఆ ఒక్కరికీ యాప్‌లో ఫోటోలు ఎక్కించడం, గుడ్ల లెక్క రాయడం. గోడకి రంగేస్తే చదువొస్తుందా? టీచర్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ముందు అది అడగండి.

ఫ్యాన్_రెక్క
టీచర్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారు అనే డైలాగ్ ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా. నాలుగో పోస్టుకే వచ్చింది.

రిటైర్డ్_హెచ్ఎం
రెండు విషయాలు. మొదటిది, పంచాయతీ చెరువు పాట డబ్బు పంచాయతీ ఆదాయం. ఊరి పెద్దలు చేతిలో పెట్టుకుని పంచుకునేది కాదు. తీర్మానం రాయాలి, ఖర్చు పంచాయతీ ఖాతాలోంచే జరగాలి. లేకపోతే రేపు ఆడిట్‌లో సర్పంచ్ మెడకి చుట్టుకుంటుంది.

రెండోది, బడికి ప్రభుత్వం నుంచి వచ్చేది ఎంతో ఊళ్లో చాలామందికి తెలియదు. సమగ్ర శిక్ష కింద ఏడాదికి ఒక గ్రాంటు వస్తుంది, పిల్లల సంఖ్యని బట్టి. 30 మంది లోపు ఉంటే 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు, చిన్నచిన్న రిపేర్లు అన్నీ అందులోనే. మీ బడికి 25 వేలు వస్తుంది. ఎనిమిది మంది వ్యాన్ ఎక్కారంటే 10 వేలకి పడిపోతుంది. పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే బడి పాడవుతుంది, పాడైతే ఇంకో నలుగురు పోతారు. నా సర్వీసులో ఇలాగే మూతపడిన బళ్లు చూశాను. తాళం పడ్డాక ఆవరణలో గేదెల్ని కట్టేస్తారు.

గట్టుమీద_కొంగ
25 వేలేనా సార్? మా ఊళ్లో అందరూ లక్షలొస్తాయి, హెచ్ఎం తినేస్తున్నాడు అనుకుంటున్నారు.

రిటైర్డ్_హెచ్ఎం
అనుకుంటారు. ఎస్ఎంసీలో, అంటే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో, ఎక్కువమంది సభ్యులు తల్లిదండ్రులే, 2009 విద్యా హక్కు చట్టమే ఇచ్చిన హక్కు అది. ఒక్క మీటింగ్‌కి వెళ్లి ఖాతా పుస్తకం అడిగితే తెలిసిపోతుంది. ఎవరూ రారు. సంతకాలు మాత్రం ఇంటికి పంపించి పెట్టించుకుంటారు.

ఉత్తరాంధ్ర_తాటిచెట్టు
మా బాబాయి కూడా ఇదే అనేవాడు, మన పిల్లలు చదవని బడి అని. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. ఊరంతా ఎక్కడ తలదాచుకుంది? స్కూల్ బిల్డింగ్‌లో. అన్నం ఎక్కడ వండారు? స్కూల్ వంటషెడ్డులో, మధ్యాహ్న భోజనం వండే పెద్ద గిన్నెల్లో. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ట్యాంకర్ వచ్చి ఆగేది కూడా బడి ముందే. పిల్లల్ని టౌన్‌కి పంపినవాళ్లు కూడా అక్కడే పడుకున్నారు, ఎవరూ వాళ్లని మీ పిల్లలు ఇక్కడ చదవరు కదా అని అడగలేదు. ఓట్లేసేది అక్కడే, మెడికల్ క్యాంపు పెట్టేది అక్కడే. ఆర్చ్ కింద పడుకుంటారా వానొస్తే?

దారినపోయే_దానయ్య
ఆర్చ్ వెడల్పుగా కడితే ఒక కుటుంబం దాకా పడుకోవచ్చు.

ఫ్రిస్కో_బాబాయ్
మన పిల్లలు చదవని బడికి మన డబ్బెందుకు అనే మాట ఇక్కడ టెక్సాస్‌లో అంటే నవ్వుతారు. ఇంటి పన్నులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌కే పోతుంది. పిల్లలు లేనివాళ్లూ కట్టాల్సిందే, ప్రైవేటులో చదివించేవాళ్లూ కట్టాల్సిందే. పైకి తిట్టుకుంటారు గానీ ఇల్లు అమ్మేటప్పుడు మాత్రం ఏ స్కూల్ జోన్‌లో ఉందో మొదటి లైన్‌లో రాస్తారు. మన తెలుగువాళ్లు ఇల్లు చూసేది వంటగది తూర్పా పడమరా అని, ఆ తర్వాత స్కూల్ రేటింగ్. స్కూల్ బాగుంటే ఇంటి ధర పెరుగుతుంది, అదే వాళ్ల లాజిక్.

ఓరుగల్లు_పోరడు
బాబాయ్, అందులో ఒక ఫిటింగ్ ఉంది చెప్పలే నువ్వు. ఇండ్ల ధర ఎక్కువున్న కాడ బడికి పైసలెక్కువ, పేదోళ్లున్న కాడ తక్కువ. గట్లయితే బీదోని బడి బీదగనే ఉంటది.

ఫ్రిస్కో_బాబాయ్
నిజమే, అందుకే 1993 నుంచి టెక్సాస్‌లో డబ్బున్న డిస్ట్రిక్టుల దగ్గర కొంత తీసి స్టేట్ మిగతావాటికి సర్దుతుంది. రాబిన్ హుడ్ అంటారు. డబ్బున్న ఊళ్లు దాని మీద ఏడ్చినంత మరి దేని మీదా ఏడవవు.

రిటైర్డ్_హెచ్ఎం
అమెరికా దాకా ఎందుకు. మన ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్ అని ఉంటుంది, రూపాయికి 8 పైసలు. లైబ్రరీ గడప తొక్కనివాళ్లు కూడా 1960 చట్టం నుంచి కడుతూనే ఉన్నారు. కొంగ గారి బాబాయి కూడా కడుతున్నారు, ఆయనకి తెలియకపోవచ్చు.

లెక్కల_సుబ్బు
పిడుగూ, నీ ప్రశ్నకి వస్తున్నా. ప్రైవేటులో చదువు నిజంగా ఎక్కువొస్తుందా అని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే 2008 నుంచి నాలుగేళ్లు పరీక్షించి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు. ప్రభుత్వ బడి పిల్లల్లో లాటరీ తీసి, వచ్చినవాళ్లకి ఫీజు కట్టి ప్రైవేటులో చేర్చారు. చివర్లో చూస్తే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు.

పల్నాడు_పిడుగు
అదే స్టడీలో ఇంకో ముక్క ఉంది, అది మింగేశావు. ప్రైవేటు బడి ఒక్కో పిల్ల మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. మూడో వంతు డబ్బుతో అదే చదువు చెప్తే గెలిచింది ఎవరు స్వామీ?

ఎంఎస్సీ_బీఈడీ
ఆ మూడో వంతు ఎక్కడి నుంచి వచ్చిందో నన్నడగండి. మా జీతాల్లోంచి వచ్చింది. టౌన్‌లో ప్రైవేటు స్కూల్లో చెప్తున్నాను, నెలకి పదకొండు వేలు, వేసవిలో రెండు నెలలు సున్నా. అడ్మిషన్ల సీజన్‌లో మేమే ఊళ్లు తిరిగి పిల్లల్ని తేవాలి, తేకపోతే జూన్ జీతంలో కోత. గెలిచింది ఎవరో తెలియదు, ఓడింది మాత్రం మేమే. 2025 మెగా డీఎస్సీలో 16,347 ప్రభుత్వ టీచర్ పోస్టులంటే మా స్టాఫ్‌రూంలో సగం మంది రాశాం.

పల్నాడు_పిడుగు
మీ బాధ అర్థమైంది మేడమ్, దాన్ని కాదనను. కానీ తండ్రిగా నేను చూసేది మా పాప చదువు.

మోడరేటర్_2
ప్రభుత్వ బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకం ఎవరు పెట్టారు, రంగులు ఎవరు వేశారు, మధ్యలో ఎవరు ఆపారు అంటూ వచ్చిన తొమ్మిది పోస్టులు తీసేశాను. పార్టీల గొడవకి వేరే గది ఉంది.

కరకట్ట_కబుర్లు
పార్టీ మాట కాదు, పని ఎలా జరిగిందో చెప్తా. నాడు-నేడు 2019 నవంబర్ 14న మొదలైంది, మొదటి విడతలో 15,715 బళ్లు. మా బడి అందులో ఉంది. డబ్బు తల్లిదండ్రుల కమిటీ ఖాతాలో పడింది. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుని దింపించుకుంది మా వీధి ఆడవాళ్లే. టైల్స్ వేసేవాడు గచ్చు సరిగ్గా తడపకుండా అతికిస్తుంటే మా వదిన పలక తీసుకుని తట్టింది, డొల్ల మోగింది, అన్నీ పీకించి మళ్లీ వేయించింది. కాంట్రాక్టర్ చేతికిచ్చి ఉంటే అది ఈపాటికి ఊడిపోయేది. మేస్త్రీ, కూలీలు, పెయింటర్ అందరూ ఊరివాళ్లే, కూలి డబ్బు ఊళ్లోనే తిరిగింది. ఇంకోటి చెప్తా. నీళ్లొచ్చే బాత్రూంలు వచ్చాక పై తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి వెళ్లి ఆగిపోవడం తగ్గింది. అంతకుముందు ఉదయం నుంచి నీళ్లు తాగకుండా కూర్చునేవాళ్లు. ఇది ఎవరూ గ్రామసభలో చెప్పరు, సిగ్గు.

ఓరుగల్లు_పోరడు
మా తెలంగాణ దిక్కు బడులు బాగుచేస్తమని 2022ల మన ఊరు-మన బడి పెట్టిన్రు, 26,065 బడులు, 7,289 కోట్లు అన్నరు. మా ఊర్ల బడి కమిటీ చైర్మన్ సొంత పైసలు పెట్టి పని మొదలువెట్టిండు, బిల్లు రాలే, గోడ నడుమల ఆగింది, ఆయన అప్పుల పడ్డడు. తర్వాత అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని మహిళా సంఘాలకు ఇచ్చిన్రు. ఒకటి మంచిగైంది. యూనిఫాంలు కుట్టే పని సంఘపోళ్లకే, జతకు 50 ఉన్నది 75 చేసిన్రు. మా అక్క మిషన్ కొనుక్కున్నది ఆ పైసలతోటే, ఇప్పుడు పెండ్లి బ్లౌజులు గూడ కుడుతది. కొంగ అన్నా, చేతిల పైస పడ్డంకనే గునపం పట్టుండ్రి.

కట్టెల_పొయ్యి
మా అత్తమ్మ బళ్లో వంట చేస్తుంది. గౌరవ వేతనం 3 వేలు. ప్రైమరీ పిల్లకి పప్పు, కూర, నూనె ఖర్చు కింద ఇచ్చేది రోజుకి 6 రూపాయల 78 పైసలు, బియ్యం విడిగా ఇస్తారనుకోండి. బిల్లు ఆలస్యమైతే కొట్లో ఖాతా రాయించి వండుతుంది, ఆపితే పిల్లలు పస్తుంటారని. ఊరి బడికి పెడితే ఊరికి ఏమొస్తుందని అడిగారు కదా. మా ఇంట్లో చిట్టీ ఆ 3 వేలతో కడుతున్నాం. పెద్ద మొత్తం కాదు, కానీ బడి మూస్తే అదీ పోతుంది.

ఫ్యాన్_రెక్క
6 రూపాయల 78 పైసలకి టీ రాదు ఇప్పుడు.

లెక్కల_సుబ్బు
ఇంకో పరిశోధన కూడా మన దగ్గరే జరిగింది, కొంగ గారికి పనికొస్తుంది. బళ్లకి గ్రాంటు ఇచ్చి పిల్లల మార్కులు చూశారు. మొదటి ఏడాది ఎవరికీ ముందు తెలియదు, మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని తెలిసి ఇళ్లలో పుస్తకాలకి, పెన్నులకి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. మార్కులు అక్కడే ఆగాయి.

పల్నాడు_పిడుగు
అంటే దండగ అని నువ్వే ఒప్పుకుంటున్నావు.

లెక్కల_సుబ్బు
దండగెందుకవుతుంది, ఆ డబ్బు ఇళ్లలో మిగిలింది, దాంతో బియ్యమో మందులో కొనుక్కుని ఉంటారు. నేను చెప్పేది వేరు. ఎలాగూ ఇంట్లోవాళ్లు కొనిచ్చే నోటుపుస్తకాలు, బ్యాగులు చెరువు డబ్బుతో పంచకండి. ఏ ఇల్లూ ఒక్కటే కొనుక్కోలేనివి ఉంటాయి కదా, మోటారు, ప్రహరీ, గది, మనిషి, వాటికి పెట్టండి. పంచితే ఫోటో బాగా వస్తుంది, అందుకే అందరూ బ్యాగులు పంచుతారు.

ఫ్రిస్కో_బాబాయ్
బ్యాగులు పంచినవాళ్లలో నేనున్నానేమో అని డౌటొస్తోంది.

దారినపోయే_దానయ్య
బాబాయ్ ఫోటో ఇప్పటికీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో వేలాడుతూ ఉంటుంది.

విశాఖ_డేటా
సుబ్బు గారి లిస్టుకి ఒకటి కలపండి. ఇండోనేషియాలో 1973 నుంచి 1978 మధ్య 61 వేల పైన ప్రాథమిక బళ్లు కట్టారు, చమురు డబ్బుతో. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో తర్వాత లెక్కతీస్తే, బళ్లు ఎక్కువ కట్టిన జిల్లాల్లో ఆ వయసు పిల్లలు ఎక్కువేళ్లు చదివారు, పెద్దయ్యాక వాళ్ల జీతాలు కూడా పెరిగాయి. కాకపోతే అక్కడ బడి లేని చోట బడి కట్టారు. కృష్ణా జిల్లాలో బడి ఉంది, పిల్లలు లేరు. కాబట్టి ఆ ఫలితం నేరుగా ఇక్కడ అతికించలేం.

ఎంఎస్సీ_బీఈడీ
పిల్లలు ఎందుకు లేరో ఎవరూ అడగట్లేదు. వ్యాన్ ఎక్కించేవైపు నుంచి చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా. మేము ఊళ్లకి వెళ్లినప్పుడు మూడేళ్ల పిల్లలున్న ఇళ్లే చూస్తాం. ప్రభుత్వ బడిలో ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి. మూడేళ్లకే ఎల్‌కేజీ అని మేం ఎత్తుకుపోతాం. రెండేళ్లు అక్కడ అలవాటైన పిల్లని ఏ తల్లీ మళ్లీ ఊరి బడికి తీసుకురాదు. తోటి పిల్లలు అక్కడ, వ్యాన్ అక్కడ, ఇంగ్లీష్ రైమ్స్ అక్కడ. మా కరస్పాండెంట్ మాట ఒకటుంది, ఎల్‌కేజీలో చేరితే పదో తరగతి దాకా మన ఖాతాదారే అని. మీ 70 మందిలో ఎంతమంది ఎల్‌కేజీలో పోయారో, ఎంతమంది మూడు, నాలుగు తరగతుల్లో మారారో లెక్క తియ్యండి.

గట్టుమీద_కొంగ
మా వీధి వరకు గుర్తుచేసుకుంటే దాదాపు అందరూ ఎల్‌కేజీలోనే పోయారు. నాలుగులో మారినవాళ్లు ఇద్దరు ముగ్గురు. అంగన్‌వాడీ ఉంది గానీ అద్దె ఇంట్లో, ఊరి చివర. చిన్న గది, బాత్రూం లేదు. గుడ్లు, పాలు తీసుకోడానికి వెళ్తారు, పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టరు.

రిటైర్డ్_హెచ్ఎం
అయితే మీ బడిలో తాళం వేసిన గది ఉంది అన్నారు కదా. పైకప్పు బాగుచేయించి అంగన్‌వాడీని అందులోకి తీసుకురండి. బడి ఆవరణలో అంగన్‌వాడీ పెట్టడం కొత్తేమీ కాదు, చాలా ఊళ్లలో ఉంది. హెచ్ఎం ఒప్పుకోలు, ఎస్ఎంసీ తీర్మానం, అటువైపు అంగన్‌వాడీలు చూసే అధికారి సీడీపీఓ అనుమతి కావాలి. మూడేళ్ల పిల్ల అదే గేటులోంచి వచ్చి, అదే వంటషెడ్డు చూసి, పెద్ద పిల్లల మధ్య తిరిగితే ఐదేళ్లకి పక్క గదిలోకి మారడమే. ఆ అద్దె కూడా మిగులుతుంది.

పల్నాడు_పిడుగు
ఇది బావుంది. గేటు లోపల పాపని వదిలి పొలం వెళ్లొచ్చు అంటే మా ఆవిడ కూడా వింటుంది. కానీ ప్రహరీ లేకుండా మూడేళ్ల పిల్లల్ని ఎవరూ వదలరు. పక్కనే చెరువుందా?

గట్టుమీద_కొంగ
రోడ్డుంది. ధాన్యం లారీలు తిరుగుతాయి. అయితే ముందు ప్రహరీ, తర్వాత గది కప్పు, మోటారు.

కరకట్ట_కబుర్లు
మోటారు కొనగానే సరిపోదు. మా బడిలో ఒకటి కాలింది, ఒకటి పోయింది. ఇనుప బాక్సులో పెట్టి తాళం వెయ్యండి. బాత్రూంలు కడిగే ఆయాకి 6 వేలు ఇస్తున్నారు, ఆ డబ్బు నెలనెలా పడకపోతే ఆమె రాదు, ఆమె రాకపోతే వారంలో మళ్లీ తాళమే. చెరువు పాట మళ్లీ మళ్లీ వచ్చే ఆదాయం కదా, ఆరు లక్షలూ గోడల్లో పొయ్యకుండా ఏటా కొంత దీనికి పక్కనపెట్టండి. తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బులో పిల్లకి 2 వేలు బడి నిర్వహణకి కోస్తున్నారు, అది మీ బడికి ఏ నెలలో చేరుతుందో మీ చేతిలో లేదు.

ఫ్యాన్_రెక్క
ఆర్చ్ వర్గాన్ని ఏం చేస్తారు? వాళ్లకి పేర్లు కావాలి, అంతే. మా గుళ్లో ఫ్యాన్ రెక్కల మీద కూడా దాత పేరు ఉంటుంది, తిరిగేటప్పుడు కనపడదని ఒకాయన స్విచ్ ఆపేసి చూపించేవాడు. ప్రహరీని పది అడుగుల చొప్పున అమ్మండి, ఒక్కో ముక్కకి ఒక్కో పేరు. పాట డబ్బు ముట్టుకోకుండానే గోడ లేచిపోతుంది.

గట్టుమీద_కొంగ
నవ్వులాటకి అన్నారేమో గానీ మా బాబాయికి ఇదే పనిచేస్తుంది. గేటు పక్కన మొదటి ముక్క ఆయనకే ఇస్తా. సార్, దాతల డబ్బు ఏ ఖాతాలో వెయ్యాలి? పంచాయతీలోనా, ఎస్ఎంసీలోనా?

రిటైర్డ్_హెచ్ఎం
రెండూ కలపకండి. పాట డబ్బు పంచాయతీ తీర్మానంతో పంచాయతీ ఖాతాలోంచే. దాతలది ఎస్ఎంసీ ఖాతాలో, ప్రతి రూపాయికీ రసీదు. పని మొదలుపెట్టే ముందు మండల ఇంజనీర్‌తో ఎస్టిమేట్ వేయించండి, ఎంఈఓకి కాగితం పెట్టండి. గోడ హద్దు సర్వే చేయించడం మర్చిపోవద్దు, బడి స్థలంలో ఎవరిదో గడ్డివాము ఉండే ఉంటుంది.

గట్టుమీద_కొంగ
ఉంది సార్. అది సర్పంచ్ గారి బావమరిదిది.